ఉరి ఆగిన రోజు

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దోచుకోబోయి, పెట్రోలు చల్లి నిప్పంటించి 23 మందిని పొట్టన పెట్టుకున్న ఇద్దరికి ఉరిశిక్ష పడితే మా ఇంట్లో ఎవరం అయ్యో అనలేదు. ఎందుకంటాం? ఆ తర్వాత చాన్నాళ్లు నేను రాత్రి బస్సెక్కితే తలుపు పక్క సీటే వెతుక్కున్నాను.

1997 మార్చి 29న ముహూర్తం. (ఆ మాట మా అత్తగారిది. ఆవిడ నోట తారీఖులన్నీ ముహూర్తాలే.) తీరా ముందురోజు ఆగిపోయింది. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి కూడా రాష్ట్రపతికి మొరపెట్టుకున్నారట.

"అరుదైన వాటిలోకెల్లా అరుదైన నేరానికే ఉరి అని 1980లో సుప్రీంకోర్టు అంది. ఇది కాకపోతే ఇంకేది?" అన్నారు మావారు.

"ఆవిడ పిల్లలా బస్సులో ఉన్నది?" అని నేనూ వంత పాడాను.

అత్తగారు చేటలో బియ్యం ఏరుతూ, "నిజమేనే అమ్మాయ్. కానీ వారం నుంచీ నాకు నిద్ర లేదు. వాళ్లు డబ్బు కోసం చంపారు. మనం తారీఖు వేసుకుని, లేపి, స్నానం చేయించి మరీ చంపుతాం కదుటే!" అన్నారు.

1998లో ఆ శిక్ష యావజ్జీవంగా మారింది. పేపరు చదివి వినిపిస్తే "పోన్లే" అన్నారావిడ. నాకు ఆ మాట నోటికి రాలేదు. అలాగని ఉరి తీయాల్సిందనీ అనలేకపోయాను.