వీలు చిక్కని వీలునామా

కాకినాడ, జూన్ 29, 2025

పొద్దున్నే వదిన ఫోన్. అన్నయ్య పోయి నాలుగు నెలలైంది. ఫిక్సెడ్ డిపాజిట్‌కి నామినీగా పెద్దమ్మ పేరుందట. పెళ్లికి ముందు తెరిచిన ఖాతా, మార్పించాలని అన్నయ్యకి తోచలేదు. పెద్దమ్మ పోయి పదేళ్లు. “ఇప్పుడావిణ్ణి ఎక్కణ్ణుంచి పిలుచుకురమ్మంటారు?” అని నవ్వింది వదిన. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తహశీల్దారు ఆఫీసుకి తిరుగుతోంది. వారసులందరి సంతకాలూ కావాలన్నారట బ్యాంకువాళ్లు. వాళ్లబ్బాయేమో డాలస్‌లో.

రాత్రి మావారితో అన్నాను, మనం వీలునామా రాసేసుకుందామని. “ఆషాఢం వెళ్లనీ” అన్నారు.

జూలై 27

శ్రావణం వచ్చింది. “శ్రావణమాసంలో చావు మాటలేమిటే!” అన్నారు. ఆషాఢంలో మంచిపని మొదలెట్టకూడదు, శ్రావణంలో చెడుమాట అనకూడదు. వీలునామా ఈ రెంటిలో ఏదో ముందు తేల్చుకోవాలి.

ఆగస్టు 12

భోజనాల దగ్గర అడిగాను, “మీరు పోతే ఈ ఇల్లు ఎవరిది?” అని.

“నీదే” అన్నారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

కాదు. చదువుకునే అడిగాను మరి. ఈ ఇల్లు ఆయన జీతంతో కట్టింది, స్వార్జితం. వీలునామా లేకుండా ఆయన వెళ్లిపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాలుగు సమాన వాటాలవుతుంది: అత్తయ్యగారికొకటి, నాకొకటి, పిల్లలిద్దరికీ చెరొకటి. తల్లిని మొదటి వరసలో కూర్చోబెట్టి, తండ్రిని మాత్రం రెండో వరసకి పంపింది ఆ చట్టం. అది నాకు నచ్చింది కూడా. చిక్కు తర్వాత వస్తుంది. అత్తయ్యగారికొచ్చిన ఆ పావలా వాటా ఆవిడ తదనంతరం మళ్లీ మూడు ముక్కలు: విశాఖలో బావగారికొకటి, బెంగళూరులో ఆడపడుచుకొకటి, మావారి తరఫున మా పిల్లలకొకటి. అందరూ మంచివాళ్లే. ఐనా నా వంటిల్లు అమ్మాలంటే నేను మూడు ఊళ్ల నుంచి సంతకాలు తెప్పించుకోవాలి.

టీవీ కట్టేశారు. అంతకుమించి ఏమీ జరగలేదు.

ఇదంతా అత్తయ్యగారి చెవిన పడకుండా గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. ఆవిడకి 84.

సెప్టెంబర్ 14

మహాలయ పక్షం. పోయినవాళ్లకి ఏ తిథిన ఏం పెట్టాలో మనకి తెలుసు. వాళ్లు ఏ బ్యాంకులో ఏం పెట్టారో తెలీదు.

పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతాయి. 2024 మార్చి ఆఖరుకి అందులో 78,213 కోట్లున్నాయి. వెతుక్కోవడానికి ‘ఉద్గమ్’ అని ఒక వెబ్‌సైట్ పెట్టారు. వదినా నేనూ కూర్చుని అన్నయ్య పేరు కొట్టి చూశాం. వదినకి ఏనాడూ తెలియని ఓ పాత సేవింగ్స్ ఖాతా బయటపడింది. అందులో ఎంతుందోనన్న ఆత్రం కన్నా, “నాకెందుకు చెప్పలేదు?” అన్నదే ఆవిణ్ణి ఎక్కువ బాధపెట్టింది.

సెప్టెంబర్ 30

దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్లాం. మావారి మనసు సెటిల్‌మెంట్ మీదుంది, ఇప్పుడే పిల్లల పేర రాసిచ్చేస్తే పోతుందని. ఆ దస్తావేజులాయన కళ్లద్దాలు తీసి, “సెటిల్‌మెంట్ ఐతే ఈరోజే ఇల్లు మీది కాదండి. వీలునామా ఐతే మీరున్నన్నాళ్లూ మీదే, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆఖరుది చెల్లుతుంది” అన్నారు. స్టాంపు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ మన ఇష్టం, చేయిస్తే తర్వాత గొడవ పడేవాళ్లు కొంచెం జంకుతారు. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి.

“సాక్షులు మీకన్నా చిన్నవాళ్లైతే మంచిదండి. రేపు కోర్టుకొచ్చి చెప్పడానికి వాళ్లుండాలి కదా.”

మా ఈడు స్నేహితుల్ని ఇద్దర్ని అనుకుని వెళ్లాం. ఇద్దరికీ బైపాస్ అయింది.

‘దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో’ అని ఆయన నోటివెంట ధారగా వస్తుంటే పెళ్లిమంత్రంలా అనిపించింది.

అక్టోబర్ 8

దసరా కూడా వెళ్లిపోయింది. ఇక నెలల మీద నెపం పెట్టడానికి లేదు.

అసలు మావారికి చావంటే భయం లేదు. ముప్పై ఏళ్ల కిందటే ఎల్‌ఐసీ పాలసీ కట్టిన మనిషి. అదేమైనా శుభకార్యమా? అడ్డుపడుతున్నది వాటాల మాట. అమ్మాయి పెళ్లికి పసుపుకుంకుమల కింద ఎకరం ఇచ్చాం. అబ్బాయిని అమెరికా పంపడానికి ఇంకో ఎకరం అమ్మాం. మొదటిది ‘ఇచ్చాం’ అని గుర్తుపెట్టుకున్నాం. రెండోది ‘ఖర్చైంది’ అనుకున్నాం. వీలునామా రాయడానికి కూర్చుంటే ఈ రెండు ఎకరాల్నీ పక్కపక్కన పెట్టాలి. “నాకు ఇద్దరూ ఒకటే” అని నోటితో అనేస్తే సరిపోతుంది, కాగితం మీదైతే అంకె వెయ్యాలి.

ఈ మాట ఆయనతో అన్నాను. కోపం వస్తుందనుకున్నాను. లేచి వెళ్లి పెరట్లో మొక్కలకి నీళ్లు పోశారు, వర్షం పడుతుంటే.

నవంబర్ 2

నిన్నటి నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చట. మంచిదే. కానీ నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి, అంతవరకే. షేర్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అబ్బాయికి ఫోన్‌లో ఇది చెబితే “ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ?” అన్నాడు. తండ్రి పోలికే.

నవంబర్ 22

మొన్న 19న సుప్రీంకోర్టు ఆడవాళ్లందరినీ, ముఖ్యంగా హిందూ స్త్రీలను, వీలునామా రాసుకోమని కోరింది. పేపర్ కత్తిరించి మా చిన్నక్కకి చదివి వినిపించాను. బావగారు లేరు, పిల్లల్లేరు, టీచరుగా చేసి సొంతంగా ఫ్లాట్ కొనుక్కుంది. అక్క ఏమీ రాయకపోతే ఆ ఫ్లాట్ బావగారి వైపు వారసులకి వెళ్తుంది. అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి ఐతేనే నాన్నగారి వారసులకి తిరిగొస్తుంది. 2009లో ఇలాంటి కేసే తేలింది. పెళ్లైన మూడు నెలలకే భర్త పోతే అత్తింటివాళ్లు వెళ్లగొట్టారామెను. పుట్టింట్లో ఉండి చదువుకుని, ఉద్యోగం చేసి సంపాదించింది. అదంతా చివరికి భర్త తరఫువాళ్లకే ఇవ్వాల్సి వచ్చింది. చట్టంలో అలా ఉంది, సానుభూతి మీద తీర్పివ్వలేమంది కోర్టు.

అక్క “నాకేముందే రాయడానికి?” అంది. నేనూ అంతే అంటాను. నా పేర రెండువందల గజాల స్థలముంది, గాజులున్నాయి.

నవంబర్ 30

మావారి వీలునామా మూడు పేజీలు, నాది ఒకటిన్నర. ఇల్లు మొత్తం నాకు. నా తర్వాత పిల్లలకి సగం సగం. రెండు ఎకరాల సంగతీ ఒక్కో వాక్యంలో రాశారాయన, “ఇచ్చాను” అనే, రెండిటికీ.

పై వాటాలో అద్దెకుంటున్న కుర్రాడూ, ఎదురింటి అమ్మాయీ సాక్షులు. వాళ్ల కళ్లముందే సంతకాలు పెట్టాం, తర్వాత వాళ్లు పెట్టారు. కుర్రాడు వెళుతూ వెళుతూ, “అంకుల్‌కి ఒంట్లో బాలేదా ఆంటీ?” అని చిన్నగా అడిగాడు.

కాగితాలు లాకర్లో పెడదామన్నారు ఈయన. లాకర్ ఆయనొక్కడి పేర ఉంది. బీరువాలో పెట్టి, ఎక్కడున్నాయో పిల్లలకి ఫొటో తీసి పంపాను.

అప్పుడు వినిపించింది లోపలి గదిలోంచి అత్తయ్యగారి గొంతు. “అమ్మాయ్, ఆ పిల్లలు వెళ్లిపోయారా? ఉండమనాల్సింది. నా గంగాళం ఎవరికో నేనూ రాయిద్దును.”