గన్నవరంలో దిగాలా... శంషాబాద్‌లోనా?

చిల్లకల్లు సెంటర్‌లో నిలబడితే రెండు పట్నాలు చెరో చేయీ పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది. తూర్పున బెజవాడ, అది దాటితే గన్నవరం. పడమటి వైపు హైదరాబాద్, దాని పక్కనే శంషాబాద్. రెండు దిక్కులకీ లారీలు, బస్సులు, కార్లు ఆగకుండా పోతూనే ఉంటాయి. ఆ రొద నుంచి కృష్ణ వైపు మళ్లితే మాత్రం తోవ నెమ్మదిస్తుంది. మిరప, పత్తి చేలు, సున్నపురాతి నేలలు చూసుకుంటూ సుమారు పది కిలోమీటర్లు వెళితే నది ఒడ్డున వేదాద్రి.

ఈ మెట్ట ప్రాంతంలో, అంటే జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల పల్లెల్లో, పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. ‘ఈసారి పండక్కి వస్తున్నామమ్మా’ అని ఫోన్ రాగానే అవతల నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. ‘ఎక్కడ దిగుతున్నావు నాన్నా... గన్నవరమా, హైదరాబాదా?’

వినడానికి చిన్న ప్రశ్నే. కానీ పది రోజుల సెలవులో ఒక రోజు మిగలడమూ పోవడమూ, డెబ్బై ఏళ్ల తండ్రి అర్ధరాత్రి కారెక్కి ఎదురు వెళ్లడమూ మానడమూ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఐదు రూపాల స్వామి

ఇంత ప్రయాణం చేసి వచ్చినవాళ్లు చాలామంది ఇల్లు చేరిన మర్నాడే వేదాద్రి వెళతారు. మొక్కు ఉంటే సరే, లేకపోయినా సరే. సోమకాసురుడు అపహరించిన వేదాలను మత్స్యావతారంలో స్వామి తిరిగి తెచ్చాడనీ, ఆ వేదాలే ఇక్కడ కొండగా నిలిచి ఆయన్ని తమపై కొలువుండమని కోరాయనీ స్థలపురాణం. నరసింహావతారం తర్వాత వస్తానని మాట ఇచ్చిన స్వామి ఐదు రూపాల్లో వెలిశాడంటారు. కొండపైన జ్వాలా నరసింహుడు, కృష్ణ గర్భంలో సాలగ్రామ నరసింహుడు, ప్రధానాలయంలో యోగానంద నరసింహుడు, లక్ష్మీ నరసింహుడు, కాస్త దూరంగా గరుడాద్రి మీద వీర నరసింహుడు. వైశాఖ మాసంలో కల్యాణోత్సవాలు జరుగుతాయి. ఎగువన పులిచింతల, దిగువన ప్రకాశం బ్యారేజి. మధ్యలో ఇక్కడ కృష్ణమ్మ మెట్ల దాకా వచ్చి పలకరిస్తుంది.

చుట్టుపక్కల చూడాల్సినవీ ఉన్నాయి. ఒకప్పటి బేతవోలే నేటి జగ్గయ్యపేట. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టారు. అక్కడి ధనబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపితే బౌద్ధ స్తూపం బయటపడింది. నాగార్జునసాగర్ కోసం పట్టుబట్టిన ముక్త్యాల రాజా ఊరు ముక్త్యాల కూడా దగ్గరే.

బేగంపేట రోజులు

పాతికేళ్ల కిందట ఈ మీమాంస ఉండేది కాదు. విదేశం నుంచి వచ్చేవాళ్లు బేగంపేటలో దిగి, నగరం మధ్యలోంచి బయటపడి, పాత తొమ్మిదో నంబరు జాతీయ రహదారి మీద రెండు వరసల దారిలో లారీల వెనకాల రావాల్సిందే. అమెరికా వీసా కావాలంటే మద్రాసు కాన్సులేట్‌కి రైలెక్కేవారు. హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ 2008లో వచ్చాకే ఆ ప్రయాణం తప్పింది.

అదే ఏడాది మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలై, బేగంపేటకు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. విమానాశ్రయం ఊరికి దూరమైపోయిందని హైదరాబాద్ వాళ్లు అప్పట్లో గొణుక్కున్నారు. మెట్ట ప్రాంతం వాళ్లకు మాత్రం అది మరో రకంగా కలిసొచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు పూర్తయ్యాక శంషాబాద్ నుంచి పెద్ద అంబర్‌పేట దాకా నగరంలో అడుగు పెట్టకుండానే రావొచ్చు. అక్కడి నుంచి నాలుగు వరసల రహదారే. పాత తొమ్మిదో నంబరుకి ఇప్పుడు 65 అని పేరు.

గన్నవరం కథ ఇంకా పాతది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక అవసరాల కోసం వేసిన ఎయిర్‌ఫీల్డ్ అది. చాలాకాలం అరకొర సర్వీసులే. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ వచ్చింది. అదే ఏడాది అంతర్జాతీయ హోదా దక్కింది. 2018 డిసెంబరు 4న సింగపూర్‌కి తొలి విమానం ఎగిరినప్పుడు ‘ఇక హైదరాబాద్ పోనక్కర్లేదు’ అనుకున్నారు. కానీ 2019లో ఆ సర్వీసు ఆగింది. 2022లో షార్జా విమానం మొదలైంది. రన్‌వే కూడా 3,360 మీటర్లకు పెరిగింది. ఇంత జరిగినా అమెరికా నుంచి వచ్చేవాళ్లు గన్నవరంలో దిగాలంటే మధ్యలో ఎక్కడో ఒకచోట విమానం మారాల్సిందే.

లెక్క ఇంటి గుమ్మం నుంచి

టికెట్లు చూసేటప్పుడు అందరూ ధర దగ్గర ఆగిపోతారు. వేదాద్రి వెళ్లాల్సినవాళ్లు లెక్కను తిరగేసి, ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టాలి. గన్నవరం నుంచి వేదాద్రి సుమారు వంద కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి అంతకు రెట్టింపు పైనే. దూరం ఒక్కటే చూస్తే గన్నవరానిదే గెలుపు. చినఅవుటపల్లి - గొల్లపూడి బైపాస్ వేసింది కూడా బెజవాడ ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా ఇటు రావడానికే.

కానీ ఢిల్లీలో దిగి గన్నవరం విమానం పట్టుకోవాలంటే, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ ఢిల్లీలోనే పూర్తిచేయాలి. పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోది దొరకదు. పైగా రెండు టికెట్లూ విడివిడిగా కొన్నవాళ్లకు రెండో టికెట్ డబ్బులు కూడా పోయే ప్రమాదం ఉంది. చంటిపిల్లలతో వచ్చే తల్లికి ఈ నాలుగైదు గంటల పడిగాపుల కన్నా శంషాబాద్‌లో దిగి కారులో నడుం వాల్చడమే నయమనిపించొచ్చు.

గడియారం కూడా చూసుకోవాలి. గల్ఫ్ మీదుగా వచ్చే విమానాలు చాలావరకు శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో దిగుతాయి. ఇరవై గంటలు ప్రయాణించినవాళ్లు, రాత్రంతా మేలుకున్న డ్రైవరు... ఇద్దరూ అలసినవాళ్లే. ఆ పూట హైదరాబాద్‌లో చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. ‘రాత్రిపూట రోడ్డు మీద రావద్దురా’ అని అమ్మ చెప్పే మాటను చాదస్తం అనుకోవద్దు.

పండగ గుంపు, రెండు ఏర్లు

ఇక క్యాలెండర్. సంక్రాంతికి రెండు మూడు రోజుల ముందు హైదరాబాద్ సగం ఊళ్లకు కదిలినట్టే ఉంటుంది. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరతాయి. మామూలుగా నాలుగు గంటల్లో అయ్యే దారి ఎప్పటికి తెమిలేదీ ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో టికెట్ కాస్త ఎక్కువైనా గన్నవరమే మేలు. పండగ వెళ్లాక తిరుగు ప్రయాణం పెట్టుకున్నవాళ్లు హైదరాబాద్ దారిలో అదే రద్దీ మళ్లీ ఎదురవుతుందని గుర్తుంచుకోవాలి.

వానాకాలం లెక్క వేరు. ఈ ప్రాంతానికి అటు పాలేరు, ఇటు మున్నేరు. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మునిగింది. అంటే గన్నవరం వైపు దారి మూసుకుపోయినట్టే. 2024 సెప్టెంబరు మొదట్లో వరదలకు ఐతవరం దగ్గర మళ్లీ నీళ్లు వచ్చాయి. అటు గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. ఈసారి శంషాబాద్ దారి కూడా తెగింది. రెండు విమానాశ్రయాలూ పనిచేస్తున్నా ఇంటికి చేరే తోవ లేదు. జులై నుంచి సెప్టెంబరు దాకా వచ్చేవాళ్లు విమానం ఎక్కేముందు ఒక్క ఫోన్ చేసి ‘ఏర్లు ఎలా ఉన్నాయి?’ అని అడగడం మంచిది.

వెళ్లేవాళ్లకీ ఇదే సూత్రం

పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల విషయంలోనూ లెక్క ఇదే. ‘అబ్బాయి న్యూయార్క్‌లో ఉంటాడు’ అని చెప్పుకుంటారు గానీ ఇల్లు ఉండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో. వాళ్లకు న్యూవార్క్ దగ్గర. కెనడీ విమానాశ్రయంలో దిగితే నగరాన్ని, వంతెనలను దాటి రావాలి. సన్నీవేల్, కూపర్టినో వాళ్లకు శాన్‌హోసే దగ్గర, కానీ ఖండాంతర విమానాలు ఎక్కువగా దిగేది శాన్‌ఫ్రాన్సిస్కోలో. లండన్ పేరు తగిలించుకున్న విమానాశ్రయాలే ఆరు ఉన్నాయి. హౌన్స్‌లోలో కూతురు ఉంటే హీత్రో పక్కనే. చవకని స్టాన్‌స్టెడ్‌కి టికెట్ తీస్తే నగరం ఆ కొస నుంచి ఈ కొసకి రావాలి.

ఇంగ్లిషు అంతగా రాని పెద్దవాళ్లకు మధ్యలో మారడాలు ఎంత తగ్గితే అంత మంచిది. అమెరికాలోనూ మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, పెట్టెలు తీసుకోవడం పూర్తిచేయాలి. అందుకే పిల్లలు కారుతో వచ్చి నిలబడగలిగే ఊరికే టికెట్ తీయించుకోవాలి. వీల్‌చెయిర్ కావాలని టికెట్ కొన్నప్పుడే రాయించుకుంటే, మోకాళ్ల నొప్పులవాళ్లకు పెద్ద ఊరట.

అన్ని లెక్కలూ పక్కన పెట్టాల్సిన సందర్భం ఒకటుంది. నాన్నకు బాగోలేదని ఫోన్ వచ్చినప్పుడు ధర, దూరం, సీటు చూడరు. ఏది ముందు బయల్దేరితే అదే ఎక్కుతారు. ఆ వేళలో సర్వీసులు ఎక్కువున్న శంషాబాదే చాలామందికి దిక్కు. వేళ కాని వేళలోనూ కారు దొరుకుతుంది కనుక. ఊళ్లో ఒక నమ్మకమైన డ్రైవరు నంబరు ముందే రాసి పెట్టుకున్న ఇంటికి ఆ రోజు విలువ తెలుస్తుంది.

2016లో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. మళ్లీ 2028లో. అప్పుడు వేదాద్రి ఘాట్లకు దేశదేశాల నుంచి పిల్లలు వస్తారు. వచ్చేది వానాకాలంలోనే. అంచేత టికెట్ చూసుకునేవాళ్లు ముందు పాలేరును, మున్నేరును తలచుకుని, తర్వాత విమానాన్ని ఎంచుకోవాలి.

ఇలా వెళ్లొచ్చు: గన్నవరం నుంచి బెజవాడ, ఇబ్రహీంపట్నం, కంచికచర్ల, నందిగామ మీదుగా చిల్లకల్లు. శంషాబాద్ నుంచి ఔటర్ మీద పెద్ద అంబర్‌పేట, అక్కడి నుంచి సూర్యాపేట, కోదాడ, గరికపాడు మీదుగా చిల్లకల్లు. బస్సులో వచ్చేవాళ్లు జగ్గయ్యపేటలో దిగితే వేదాద్రికి ఆటోలు దొరుకుతాయి.