నా కూతురి కొలపాత్ర

మా యింట సారా యను మాట పలుకరాదు. అది మా తల్లి విధించిన నియమము. మా తండ్రి జీవించియున్న దినములలో, నెల్లూరు సీమయందలి మా గ్రామమున రెండెకరముల మాగాణియు, ఒక పాడిగేదెయు, మా తల్లి చేతి వెండి కడియములును ఒకదానివెంట నొకటి సారా యంగడికి నడచిపోయినవి. తుదకు మా తండ్రియు నా దారినే పోయెను. అప్పుడు నేను ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. 1992వ సంవత్సరమున దూబగుంట స్త్రీలు తమ యూరి సారా యంగడిని మూయించిరని వినినపుడు, ఏబదియేండ్లు దాటిన మా తల్లి చీపురు చేతబట్టి మా యూరి యంగడి యెదుట నిలిచినది. మరుసటి సంవత్సరము అక్టోబరునుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో మద్యమంతయు నిషేధింపబడెను. 1997లో నా నిషేధము సడలింపబడెను. మా యింటి నిషేధము మాత్రము నేటికిని సడలలేదు.

అట్టి యింట బుట్టిన నా కూతురు అమెరికాలో, టెక్సాసు రాష్ట్రమందలి సాన్ ఆంటోనియో నగరమున, ఒక పానశాలలో మద్యములు కలుపు వృత్తియందున్నది. ఈ యొక్క వాక్యమును వ్రాయుటకు నాకు నాలుగేండ్లు పట్టినది. ఈ నాలుగేండ్లును బంధువులు “అమ్మాయి యేమి చేయుచున్నది?” అని యడిగినప్పుడెల్ల “పెద్ద హోటలులో మేనేజరు” అని చెప్పుచు వచ్చితిని. ముప్పదేండ్లు బడిపిల్లలకు సత్యము పలుకుమని బోధించిన నోటితోడనే యీ మాటయు చెప్పితిని.

2024వ సంవత్సరపు వేసవిలో నేను దానియొద్దకు వెళ్లితిని. వారము దినములు మా యిద్దరిలో నెవ్వరమును ఆ ప్రస్తావన తేలేదు. ఎనిమిదవనాడు అదియే అన్నది: “నాయనా, ఒక్కసారి వచ్చి నా పని చూడండి. చూచిన పిమ్మట తిట్టదలచినచో తిట్టండి.”

పానశాల సాయంకాలము అయిదుగంటలకు తెరతురు. మూడుగంటలకే నన్ను వెంటబెట్టుకొని పోయినది. సారా యంగడి యనగా నాకు తెలిసినది పులిసిన కంపు, ఉమ్ములు, బూతులు. ఇచట కడిగిన బల్లలు, వరుసదీరిన సీసాలు, కోసిపెట్టిన నిమ్మకాయలు, తెల్లని తుడుపుగుడ్డలు కనబడినవి. ఔషధశాలలోనికి వచ్చితినా యని భ్రమపడితిని. అది నన్నొక ఎత్తుపీటపై కూర్చుండబెట్టి, “మీకు కథలిష్టము గనుక కథ గల పానీయమును చేసి చూపెదను” అనెను. దాని పేరు ఫ్లిప్. కోడిగ్రుడ్డును తెల్లసొన పచ్చసొనలు వేరుచేయక మొత్తముగా వేసి చేయుదురు.

పదునేడవ శతాబ్దము చివర ఇంగ్లీషువారు బీరును, రమ్మును, చక్కెరను కలిపి, అందు ఎఱ్ఱగా గాలిన యినుపకడ్డీని ముంచి నురుగు పొంగించెడివారట. కాలక్రమమున కడ్డీయు పోయినది, బీరును పోయినది, కోడిగ్రుడ్డు వచ్చి నిలిచినది. 1862లో న్యూయార్కునందు జెర్రీ థామసు ప్రకటించిన గ్రంథమున దీని విధానములు కలవు. నునుపు వచ్చుటకై ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి మరల మరల తిరుగబోయవలెనట. ఇది వినగానే నాకు మా యూరి టీకొట్టు జ్ఞప్తికి వచ్చి నవ్వితిని. ఆ సంభాషణలో నేను నవ్వుట అదియే మొదలు.

తరువాత సీసాలు దించినది. మొదటిది టెకీలా. మన పొలముగట్లమీద కంచెగా పెరుగు కిత్తనారకు దాయాదియైన నీలి కిత్తనారనుండి, మెక్సికోదేశమున, ముఖ్యముగా హాలిస్కో రాష్ట్రమున, దీనిని తీయుదురు. మొక్క పక్వమగుటకు ఆరేండ్లకు పైగా పట్టును. ఆకులు చెక్కివేసి, నడుమనున్న పెద్ద దుంపవంటి బోదెను ఆవిపై నుడికించి, రసము పిండి, పులియబెట్టి, బట్టీ పట్టుదురు. ఓకుచెక్క పీపాలలో రెండునెలలకు తక్కువగాక నిలువయుంచినదానిని రెపొసాడో యందురు. నా కూతురు తీసికొన్నది ఆ రకమే. మన పల్లెలో నార తీసి త్రాళ్లు పేనుకొను జాతిమొక్కనుండి వారు మత్తును తీసిరి.

రెండవది పచ్చ షార్త్రూజు. ఫ్రాన్సుదేశపు ఆల్ప్సు కొండలలో మౌనవ్రతమున జీవించు కార్తూజియను సన్యాసులు 130 మూలికలతో దీనిని చేయుదురు. 1605లో వారికి లభించిన యొక వ్రాతప్రతి దీనికి మూలము. ఈ పసుపువన్నె రకము 1840నాటిది. యోగము పూర్తిగా నెరిగినవారు ఇద్దరు ముగ్గురు సన్యాసులే. మూడవది బెనెడిక్టీను, 1863లో ఫేకాం పట్టణపు వర్తకుడొకడు 27 మూలికలతోను సుగంధద్రవ్యములతోను కూర్చినది. మూలికలు, సన్యాసులు, రహస్యయోగములు అని వినుచుండగా నాకు ద్రాక్షారిష్టము తలపునకు వచ్చినది. మా తల్లి కడపటి దినములలో దానిని ఆకలికై భోజనానంతరము చెంచాలతో పుచ్చుకొనెడిది. అరిష్టములు పులియుటవలననే సిద్ధించుననియు, వానియందు కొంత మద్యసారము తానై పుట్టుననియు నేనెఱుగుదును. ఎఱిగియు ఆమెకెన్నడును చెప్పలేదు. మా యింట మద్యము లేదను నా గర్వము ఆ క్షణమున కొంచెము సన్నగిల్లినది.

ఇక చేయువిధము. ముందుగా గ్రుడ్డును వేరొక గిన్నెలో పగులగొట్టి వాసన చూచినది. “మద్యము పోసినంతమాత్రమున గ్రుడ్డులోని క్రిములు చావవు నాయనా; అందుచేత పెంకుతోనే తగినంత వేడిచేసి శుద్ధిచేసిన గ్రుడ్లనే కొందుము” అని చెప్పినది. పిమ్మట రెండువైపుల నోళ్లుగల చిన్న లోహపు కొలపాత్రతో టెకీలా 45 మిల్లీలీటర్లు, షార్త్రూజు 15, బెనెడిక్టీను 10, చక్కెరపాకము ఒక చెంచా కొలిచి పోసినది. కొలపాత్ర నిండు అంచువరకు వచ్చినగాని వంచలేదు, అంచు దాటనీయలేదు. మంచుగడ్డ వేయకయే మూతపెట్టి, మూత యెగిరిపోకుండ రెండుచేతుల నదిమిపట్టి, ఇరువదిక్షణములు గట్టిగా కుదిపినది. తెల్లసొనలోని మాంసకృత్తులు విచ్చుకొని గాలిని పట్టుకొనుననియు, పచ్చసొనలోని లెసిథిను క్రొవ్వును నీటిని విడిపోనీయక కలుపుననియు, మొదటనే మంచు వేసినచో నురుగు అంతగా రాదనియు వివరించినది. ఆ పిమ్మట మంచుగడ్డలు వేసి, పాత్రపై చెమ్మ పట్టువరకు మరల కుదిపి, జల్లెడలో వడగట్టి, పైన జాజికాయ గీచినది. జున్నుపాలవన్నెతో, వ్రేలెడు నురుగుతో పానీయము నా యెదుట నిలిచినది. నేను త్రాగలేదు. అదియు త్రాగుమనలేదు. మరియొక గ్రుడ్డును పాలు, చక్కెర, జాజికాయలతో అదేవిధముగ కుదిపి యిచ్చినది. దానిని త్రాగితిని. మిక్కిలి రుచిగా నుండెను.

అయిదుగంటల పిమ్మట జనము వచ్చిరి. నేను మూలనున్న కుర్చీలో కూర్చుండి చూచుచుంటిని. ఎనిమిదిగంటల వేళ నొకడు తడబడు మాటలతో ఇంకొకటి పోయుమనెను. నా కూతురు మంచినీళ్ల గ్లాసు వాని ముందు పెట్టి, “ఈ రాత్రికి చాలు” అనెను. మత్తిల్లినవానికి పోయుట ఆ రాష్ట్రమున నేరము. వాడు కసరెను. అది బదులు కసరలేదు. వానిని ఇల్లు చేర్చుటకు బండిని పిలిపించినది. చదువరులారా! మా యూరి సారా యంగడివాడు మా తండ్రితో “చాలు” అని యొక్కనాడును అనలేదు. అప్పు వ్రాసికొని పోసెను. ఆ మాట మా తండ్రికి ఎవ్వరైన చెప్పియుండిన ఏమి యగుచుండెనో నాకు తెలియదు. ఆ రాత్రి కుర్చీలో కూర్చుండి నేను కన్నులు తుడుచుకొంటిని.

ఇంటికి వచ్చుచు, అయినను నా సందేహమును దాచలేదు. “అమ్మాయీ, ఎంత కొలిచి పోసినను విషము విషమే కదా. ఏ కొంచెము మద్యమును నిరపాయమని చెప్పుటకు వీలులేదని ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించినది” అంటిని. అది కొంతసేపు మాటాడలేదు. “నిజమే నాయనా. మంచిదని నేనెవ్వరికిని చెప్పను. నాయనమ్మ నా యెదుట చీపురుతో నిలిచియుండినచో నేనామెకు ఏమి బదులు చెప్పుదునో నాకును తెలియదు. కాని నేను దొంగతనముగా చేయుటలేదు. నన్నుగూర్చి ఊరిలో మీరేమి చెప్పుచున్నారు?” అనెను.

నాకు మాట రాలేదు. చెప్పనక్కరలేకయే దానికి తెలిసినది.

నేను మద్యపానమును నేటికిని సమర్థింపను. మా తల్లి చీపురు పట్టుట ధర్మమనియే నా నమ్మకము. కాని ఇంటిలోని దోషమును అసత్యముతో కప్పుట సంస్కారము కాదు. మా తండ్రి త్రాగుడును ఊరికి తెలియకుండ దాచుటకే మేము ఎన్నియో ఏండ్లు వెచ్చించితిమి; దానిని మాన్పుటకు అందులో సగము యత్నమైనను చేయలేదు. అదే దాపరికమును నా కూతురియెడలను నడిపితిని.

తిరిగివచ్చిన రెండునెలలకు అమ్మాయికొక సంబంధము వచ్చినది. మంచి కుటుంబము. పిల్లవాని తండ్రి మా వరండాలో కూర్చుండి, “అమ్మాయి హోటలులో మేనేజరట కదా బావగారూ?” అని యడిగెను. నా భార్య లోపలి గుమ్మమునుండి నావంక చూచినది. “కాదండీ. పానశాలలో మద్యములు కలుపును. ఆ పనిలో మిక్కిలి నేర్పరి. తాను పనివేళ త్రాగదు, మత్తిల్లినవారికి పోయదు” అని చెప్పితిని. వారు కాఫీ త్రాగి, మర్యాదగా సెలవు తీసికొని పోయిరి. మరల కబురు రాలేదు.

ఆ రాత్రి అమ్మాయికి ఫోనుచేసి జరిగినదంతయు చెప్పితిని. అటువైపు చాలసేపు నిశ్శబ్దము. ఏడ్చుచున్నదేమోయని భయపడితిని. తుదకు, “నాయనా, అమ్మ యేమన్నది?” అని యడిగినది. నా భార్య ఫోను నా చేతినుండి తీసికొని, “ఆ కోడిగ్రుడ్డు పాలు ఎట్లు చేయుదువో నాకును చెప్పవే” అన్నది.