సీమోల్లంఘనము

ఆశ్వయుజ శుద్ధ దశమినాడు అపరాహ్ణకాలమున గ్రామమునకు ఈశాన్యదిశగా వెడలి, అపరాజితాదేవిని అర్చించి, శమీవృక్షమును పూజించి, ఊరి పొలిమేరను దాటవలెనని ధర్మశాస్త్ర నిబంధములు విధించుచున్నవి. కాశీనాథోపాధ్యాయులు 1790 ప్రాంతమున రచించిన ధర్మసింధువునందును ఈ సీమోల్లంఘనవిధి కలదు. దినమునకు పది పొలిమేరలు దాటుచున్న నేటి మానవునకు ఈ విధి దేనిని బోధించుచున్నది? సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్‌కు చెందిన ఒక వృద్ధదంపతుల యాత్రను తలచుకొనిన ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

ఆ గృహస్థు నిత్యానుష్ఠానపరుడు. ఊహ తెలిసిననాటి నుండి ఒక్క దసరాకైనను ఊరి జమ్మిని విడిచినవాడు కాడు. కుమారుడు అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున ఉద్యోగి. "మనుమనికి మన మాటలు మరుపునకు రాకముందే ఒక్కసారి చూసి వద్దాం" అని ఇల్లాలు పట్టుపట్టగా, 2025లో వినాయకచవితి గడచిన పిమ్మట బయలుదేరిరి.

ఆయనకు సముద్రయానమును గూర్చిన శంక లేకపోలేదు. బౌధాయన ధర్మసూత్రము దానిని పతనహేతువులలో చేర్చినది. అదే సూత్రము ఉత్తరదేశీయుల ప్రత్యేకాచారములలో సముద్రయానమును ఒకటిగా లెక్కించినది. అనగా నిషేధమున్న కాలముననే దానిని ఆచరించువారును ఉండిరన్నమాట. ఆయన అసలు భయము వేరు: పరదేశమున సంధ్యావందనము లోపించునేమో, ఆచారము సడలునేమో అని.

మొదటి ఉదయముననే ఆ భయము ఎదురైనది. సంకల్పము చెప్పుచు దేశకీర్తనము వద్ద ఆయన నాలుక ఆగిపోయినది. ఇంట నున్నపుడు శ్రీశైలమునకు ఈశాన్యప్రదేశమున, కృష్ణాగోదావరుల మధ్యదేశమున అని చెప్పుకొనువాడు, ఇచ్చట ఏ పర్వతమును, ఏ నదిని పేర్కొనవలెను? కుమారుడు ఆయనను పెన్ హిల్స్‌లోని శ్రీవేంకటేశ్వరాలయమునకు తీసికొనిపోయెను. 1976లో ప్రతిష్ఠితమైన ఆ ఆలయము అమెరికాలోని తొలి హిందూదేవాలయములలో ఒకటి. జంబూద్వీపమునకు మారుగా క్రౌంచద్వీపమును, భరతవర్షమునకు మారుగా రమణకవర్షమును, భరతఖండమునకు మారుగా ఐంద్రఖండమును చెప్పుట ఆ దేశమున పరిపాటియని అచ్చటి అర్చకులు తెలిపిరి. పెద్దాయనకు చిత్తశాంతి కలిగినది. పహాడ్ అన్నను హిల్స్ అన్నను కొండయే కదా! "పెన్‌పహాడ్ విడిచి పెన్‌పహాడ్‌కే వచ్చినానే" అని ఇల్లాలితో చెప్పి నవ్వుకొనెను.

ఇంతలో దసరా సమీపించినది. సూర్యచంద్రుల నడుమ పండ్రెండు భాగల అంతరము ఒక తిథి. తిథి మారు క్షణము లోకమంతటికిని ఒక్కటియే. కాని అపరాహ్ణము ఏ ఊరికి ఆ ఊరిదే. ఆ ఏడు భారతదేశమున విజయదశమి అక్టోబర్ 2న రాగా, పిట్స్‌బర్గ్ అపరాహ్ణమునకు దశమి 1వ తేదీననే లభించినది. సరిగా ఆనాడే కుమారుడు నయాగరా జలపాతమునకు ప్రయాణము నిర్ణయించెను. సెలవు దొరకినది అప్పుడే.

"పండుగనాడు విహారమా?" అని పెద్దాయన విసుగుకొనెను. ఇల్లాలు మెల్లగా, "పొలిమేర దాటుడే గదా దసరా! పోదాం పదండి" అనినది. ఉదయమున దైవదర్శనము చేసికొని, కారులో నాలుగు గంటలకు పైగా ప్రయాణించి, అపరాహ్ణమునకు నది ఒడ్డు చేరిరి.

ఈరీ సరస్సు నుండి ఒంటారియో సరస్సునకు పోవు ఆ నదియే రెండు దేశములకు ఎల్ల. ఆవలి గట్టు కెనడా. అచ్చటి మనుష్యులు కన్నులకు కనబడుచునే ఉందురు. రెండు గట్టులను కలుపుచు వంతెన కూడ ఉన్నది. కాని ఆ దంపతులకు ఆ దేశపు వీసా లేదు. సుమారు 13 వేల కిలోమీటర్లు దాటి వచ్చినవారు ఆ ఒక్క వంతెనను దాటలేరు.

మనుమడు కమ్మీ పట్టుకొని నీటివైపు చూచుచు, "తాతా, బార్డర్ నది మధ్యలో ఉందన్నారుగా, గీత ఏదీ?" అని అడిగెను.

తాత బదులు చెప్పలేదు. వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలియుచోట ఏ నీరు ఏ నదిదో చెప్పజాలము. ఇచ్చటను నీటిపై గీత లేదు. అయినను ఆయనకు ఒక గీత స్పష్టముగా కనబడినది. అది పెన్‌పహాడ్‌లో తన పొలమునకు, తమ్ముని పొలమునకు నడుమనున్న గట్టు. మూరెడు గట్టు ఎవరిదన్న వివాదమున అన్నదమ్ములకు పదకొండేండ్లుగా మాటలు లేవు. ప్రతి దసరాకును ఆయన ఊరందరి చేతులలో జమ్మి బంగారము పెట్టెను. తమ్ముడు మాత్రము చెట్టునకు ఆవలిప్రక్కన నిలిచి వెడలిపోవుచుండెను. చిన్నవాడు తానే రావలెనని పెద్దవాని పట్టుదల. అన్నయే పిలువవలెనని చిన్నవాని అభిమానము.

ఆ రాత్రి బసలో ఎవ్వరును చెప్పకయే ఆయన కుమారుని ఫోను అడిగి తీసికొనెను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. పెన్‌పహాడ్‌లో మరునాటి ఉదయము ఏడు గంటలు. తనకు గడచిపోయిన దసరా ఊరిలో అప్పుడే తెల్లవారుచున్నది.

"తమ్మీ, జమ్మికి పోతవు గదా. నా వంతు బంగారం గూడ నువ్వే తెంపు."

చాలసేపు ఆవలినుండి శబ్దము లేదు. ఫోను తెగిపోయినదని ఇల్లాలు అనుకొనినది. తరువాత, "తెంపుత అన్నా. నువ్వచ్చేదాక మా దేవునింట్ల పెడత" అని వినబడినది. గట్టు సంగతి ఇద్దరిలో ఎవ్వరును ఎత్తలేదు.

శమి లభింపనిచోట అశ్మంతకవృక్షమును పూజింపవచ్చునని శాస్త్రము ప్రత్యామ్నాయము చూపినది. ద్వీపము మారిన సంకల్పమున మరియొక పేరు చెప్పుకొనవచ్చును. తిథి మారిన పంచాంగము సరిచూచుకొనవచ్చును. అహంకారమను ఎల్లను దాటుటకు మాత్రము ప్రత్యామ్నాయము లేదు. 'నాది' అని మనస్సు గీసికొనిన గీత విమానమెక్కినను వెంటనే వచ్చును. ఊరిలోనున్నను పరదేశముననున్నను దానిని దాటిననాడే నిజమైన విజయదశమి.

పుష్యమాసమున దంపతులు తిరిగి వచ్చిరి. పెద్దాయన కాళ్లు కడుగుకొని ముందుగా తమ్ముని యింటికి పోయెను. మూడు నెలలుగా దేవునింట నున్న జమ్మియాకులు ఎండి రాలుచుండెను. తమ్ముడు వానిని రెండు చేతులతో ఎత్తి అన్న దోసిట పోసి, పాదములంటెను.