పక్క సీటు వాళ్ల సంగతి

 ఇవాళ ఒక చిక్కు సంగతి మాట్లాడుకుందాం. ఆఫీసులో బాసు కాల్చుకు తింటుంటే పైవాళ్లకు చెప్పాలా, నోరు మూసుకుని పడి ఉండాలా? ఈ మాట నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. బ్యాంకువాళ్లు, సాఫ్ట్‌వేరువాళ్లు, ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు, ఆసుపత్రి నర్సులు. అడిగే తీరు మాత్రం అందరిదీ ఒకటే. "అబ్బే, పెద్ద విషయమేం కాదులెండి" అని మొదలుపెడతారు. తర్వాత గంటసేపు ఇంకో మాట ఉండదు.

ముందు ఒక ముక్క తేల్చుకుందాం. కటువుగా ఉండే బాసు వేరు, వేధించే బాసు వేరు. "ఈ రిపోర్టు తప్పుల తడక, రేపు పొద్దునకల్లా మళ్లీ చేసి పట్రా" అన్నాడనుకోండి, మనసు చివుక్కుమంటుంది. అయినా అది పని గురించిన మాట, చేసి ఇచ్చేస్తే తీరిపోతుంది. "నీ మొహానికి ఉద్యోగం ఎవడిచ్చాడు" అన్నాడనుకోండి, ఎన్ని రిపోర్టులు తిరగరాస్తే దానికి జవాబవుతుంది? ఎంత చేసినా తీరని కోపం, అందరిలోనూ ఒకరినే ఏరి పట్టుకోవడం, అదీ నలుగురి ముందు నిలబెట్టి చేయడం, అమ్మకు ఒంట్లో బాగాలేదని సెలవు అడిగితే వెటకారం. ఇవన్నీ నెలల తరబడి నడుస్తుంటే దానికి వేధింపు అని పేరు పెట్టడానికి మొహమాటపడకండి.

మాకు బాగా తెలిసిన అమ్మాయి ఒకతె గోదావరి జిల్లాలో ఓ ఫైనాన్సు కంపెనీ బ్రాంచిలో పనిచేసేది. బంగారం మీద అప్పులిచ్చే సెక్షను. రోజూ సాయంత్రం ఏరియా ఆఫీసు నుంచి రివ్యూ కాల్ వచ్చేది. మేనేజరు ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మధ్యలో ఉంచేవాడు. పైవాళ్లు ఆయన్ని నాలుగు తిట్టి పెట్టేయగానే ఆయన ఈ అమ్మాయి వైపు తిరిగేవాడు. "నీ వల్లే బ్రాంచి పరువు పోతోంది. లేచి నిలబడి చెప్పు, రేపెంత తెస్తావ్?" ఆమె లేచి నిలబడి ఏదో ఒక అంకె చెప్పాలి. "గట్టిగా చెప్పు, వినపడలా" అనేవాడు. మళ్లీ చెప్పాలి. ఆ కాసేపూ మిగతావాళ్లంతా కంప్యూటర్లలోకి తలలు దూర్చేవారు. క్యాష్ కౌంటర్లో ఉండే పెద్దాయన అప్పటికే లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేసిన కట్టను విప్పి మళ్లీ లెక్కపెట్టేవాడట. "ఆయన తిట్లకంటే ఆ నోట్లు లెక్కపెట్టే చప్పుడే నాకు ఎక్కువ బాధనిపించేదండీ" అంది ఆ అమ్మాయి.

ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వద్దాం.

ఫిర్యాదు చేయాలంటే భయం ఎందుకు ఉండదు చెప్పండి. ఇంటి మీద లోను, నెలనెలా ఈఎంఐ. ఉద్యోగం మానేద్దామంటే మూడు నెలల నోటీసు పీరియడ్, ఆ మూడు నెలలూ అదే మనిషి కింద. మానేశాక రిలీవింగ్ లెటర్ సరిగ్గా ఇస్తారో లేదో, కొత్త కంపెనీవాళ్లు ఫోను చేసి అడిగితే ఏం చెబుతారో. ఇంట్లో చెబితే నాన్నగారు "ఉద్యోగమన్నాక పడాలమ్మా, మేం పడలేదా" అంటారు. ఆయన అబద్ధమేమీ చెప్పడం లేదు, నిజంగానే పడ్డారు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మన పిల్లల సంగతి ఇంకా ఇరకాటం. ఉద్యోగం పోతే ఎక్కువలో ఎక్కువ 60 రోజులు గడువు, ఈలోగా కొత్త కంపెనీ దొరకాలి, వీసా మార్గం ఇంకేదైనా చూసుకోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. ఇంత బరువు నెత్తిమీద పెట్టుకున్న మనిషిని "నీకు ధైర్యం లేదు" అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అందుకే ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఫిర్యాదు గురించి కాదు. ఒక నోటుబుక్కు కొనుక్కోమంటాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు, ఇంట్లో పెట్టుకునే పుస్తకం. ఏ తేదీ, ఏ వేళ, ఎక్కడ, ఏ మాట అన్నాడు, అప్పుడు ఎవరెవరున్నారు. అంతే. "మనసు విరిగిపోయింది" లాంటివి రాయకండి, అన్న మాటను అన్నట్టు రాయండి. ఇంకో జాగ్రత్త. కోపంలో ఆఫీసు మెయిళ్లన్నీ సొంత మెయిలుకు పంపేసుకుంటారు కొందరు. చాలా కంపెనీల్లో అది నియమాలకు విరుద్ధం. కస్టమర్ల వివరాలు గానీ అందులో ఉన్నాయా, కథ అడ్డం తిరిగి విచారణ మీ మీదికే వస్తుంది.

రాసుకోవడం వల్ల ఏమవుతుందో చూడండి. హెచ్‌ఆర్‌కు ఇలా రాశారనుకోండి: "మా మేనేజరుగారు నన్ను రోజూ మానసికంగా హింసిస్తున్నారు, దయచేసి న్యాయం చేయండి." చదివినవాళ్లు అయ్యో అనుకుంటారు, ఉదాహరణలు చెప్పమంటారు. ఆ గదిలో కూర్చున్నాక గొంతు పూడుకుపోయి ఒక్కటీ గుర్తురాదు. అదే ఇలా రాస్తే: "మొన్న మంగళవారం సాయంత్రం రివ్యూలో, ఆరుగురు సిబ్బంది ఎదుట నన్ను లేచి నిలబడమని, 'నీలాంటివాళ్లకి జీతం దండగ' అన్నారు. అంతకు ముందు శుక్రవారం కూడా ఇదే జరిగింది. అప్పుడున్నవారి పేర్లు కింద ఇస్తున్నాను." ఇందులో ఏడుపు లేదు, విశేషణాలు లేవు. కానీ ఈ కాగితాన్ని పక్కన పడేయడం కష్టం, ఎందుకంటే పేర్లున్న ఆరుగురినీ పిలిచి అడగాలి. హెచ్‌ఆర్‌వాళ్లు చెడ్డవాళ్లని నేననను. వాళ్లు కంపెనీ మనుషులు, కంపెనీకి ఏది ప్రమాదమో అది చూడటం వాళ్ల పని. తేదీలున్న కాగితం వాళ్లను ఆలోచనలో పడేస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. వేధింపులో లైంగికమైనదేదైనా ఉంటే ఆడవాళ్లకు 2013 చట్టం గట్టి ఆధారం. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకంటే తక్కువ మంది ఉన్నా, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. దళిత, గిరిజన ఉద్యోగిని నలుగురి కళ్లెదుట కులం పేరుతో తిడితే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. ఇవేవీ కాని ఉత్త తిట్లు, అవమానాలు, పగబట్టి పని ఎక్కించడం వీటికంటూ విడిగా చట్టమేదీ మన దేశంలో లేదు. అయితే పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చింది. దాని ప్రకారం 20 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో సగం మంది కార్మికుల ప్రతినిధులే ఉండాలి. మీ ఆఫీసులో అది ఉందో లేదో అడిగి తెలుసుకోండి, అవసరం రాకముందే.

ఇక మనవాళ్లకు అలవాటైన దారి ఒకటుంది, ఆకాశరామన్న ఉత్తరం. ఊరూ పేరూ లేకుండా పైవాళ్లకు రాసి పడేయడం. దాని వెనకున్న నిస్సహాయత నాకు తెలుసు, కానీ వద్దనే చెబుతాను. కేంద్ర విజిలెన్స్ కమిషనే పేరులేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని ఏనాడో చెప్పింది. ప్రైవేటులోనూ అంతే, ఎవరిని పిలిచి ఏమడగాలో తెలియని ఉత్తరం ఫైల్లో ఉండిపోతుంది. ఈలోగా ఎవరు రాశారా అని బాసు వెతకడం మొదలుపెడతాడు. అనుమానం ఎవరి మీదికి పోతుంది? అందరికంటే బలహీనుడి మీదికి. రాసినవాడు క్షేమంగా ఉంటాడు, ఏమీ తెలియని కుర్రాడెవడో బలైపోతాడు.

మరి ఫిర్యాదే చేయకూడదని నిర్ణయించుకుంటే? తప్పు లేదు. వేరే ఉద్యోగం చూసుకుని గౌరవంగా బయటపడటం కూడా మంచి నిర్ణయమే. కాకపోతే దాన్ని నిర్ణయంగా తీసుకోండి. "ఈ అప్రైజల్ దాకా చూస్తాను, ఈలోగా ఇంటర్వ్యూలకు వెళ్తాను" అని ఒక గడువు పెట్టుకోండి. అలా కాకుండా చూద్దాం చూద్దాం అంటూ ఏళ్లు గడిపేసినవాళ్లను చూశాను. ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపులో తిప్పుతుంది, నిద్ర పట్టదు, పిల్లల మీద విసుక్కుంటారు. అంతదాకా వస్తే ఉద్యోగం సంగతి తర్వాత, ముందు మనిషి సంగతి చూసుకోవాలి. టెలి మానస్ వాళ్ల 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇప్పుడు ఆ నోట్ల కట్ట దగ్గరికి వద్దాం. ఎందుకంటే నేను అసలు చెప్పదలుచుకున్నది అక్కడుంది.

చెప్పాలా వద్దా అన్న బరువంతా దెబ్బ తింటున్న మనిషి మీదే ఎందుకు పెడుతున్నాం మనం? వాడికి నిద్ర లేదు, ఆత్మవిశ్వాసం లేదు, తప్పు తనదేనేమో అన్న అనుమానం సగం తినేసింది. ధైర్యం, తేదీలు, సాక్ష్యం అన్నీ వాడే తేవాలా? పక్క సీట్లో కూర్చున్నవాళ్లు దెబ్బ తినలేదు. వాళ్ల జ్ఞాపకం చెక్కుచెదరలేదు, గొంతు వణకదు. చెప్పగలిగింది వాళ్లే.

ఇదేదో నా ఊహ కాదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు ఉంది కదా, పని చోట మహిళలకు రక్షణ అక్కడే మొదలైంది. ఈ విశాఖ మన విశాఖపట్నం కాదండోయ్, కోర్టుకెళ్లిన మహిళా సంస్థ పేరు. రాజస్థాన్‌లో ప్రభుత్వ పథకం కింద పనిచేసే గ్రామ కార్యకర్త భన్వారీ దేవి ఒక బాల్య వివాహాన్ని ఆపబోతే 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ తర్వాత పని చేసే ఆడవాళ్లందరి తరఫునా కోర్టు మెట్లెక్కింది విశాఖ, మరికొన్ని సంఘాలు. ఫ్రాన్సులో ఒక పెద్ద టెలిఫోన్ కంపెనీ వేల మంది ఉద్యోగుల్ని సాగనంపడానికి వాళ్లను మనశ్శాంతి లేకుండా చేసింది, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2009లో ఫిర్యాదు పెట్టింది ఉద్యోగుల సంఘం. 2019 డిసెంబరులో పారిస్ కోర్టు కంపెనీనీ, దాని మాజీ పెద్దలనూ దోషులుగా తేల్చింది. పదేళ్లు పట్టింది. ఒక్క మనిషి పదేళ్లు నిలబడగలడా?

మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. 2023 జూన్‌లో కోల్‌కతాలో ఒక ప్రైవేటు బ్యాంకు అధికారి ఆన్‌లైన్ మీటింగులో కిందివాళ్ల మీద విరుచుకుపడుతున్న వీడియో దేశమంతా తిరిగింది. బ్యాంకు అతణ్ని సస్పెండు చేసింది. అది బయటపడకపోతే మర్నాడు మళ్లీ అదే మీటింగు, అవే అరుపులు ఉండేవి.

వీడియోలు తీయమని నేను చెప్పడం లేదు. పక్క సీటువాళ్లు చేయగలిగినవి చిన్న పనులున్నాయి. మీటింగు అయ్యాక దగ్గరికెళ్లి "నేను విన్నాను, ఆయన అన్నది తప్పు" అనండి. తప్పు తనది కాదని ఆ మనిషికి ఇంకొకరి నోటి నుంచి వినపడాలి. ఇంటికెళ్లి మీరూ తేదీ వేసి రాసుకోండి. ఆ మనిషి ఫిర్యాదు ఇస్తానంటే "నన్ను అడిగితే చూసింది చెబుతాను" అని మాటివ్వండి. వీలైతే ముగ్గురు నలుగురు కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి. ఒక్కరు రాస్తే ఇద్దరి మధ్య గొడవ అంటారు, నలుగురు రాస్తే బ్రాంచి సమస్య అంటారు.

ఆ గోదావరి జిల్లా బ్రాంచిలో చివరికి అదే జరిగింది. ముందు కదిలింది ఎవరనుకున్నారు, క్యాష్ కౌంటర్ పెద్దాయనే. ఒకరోజు ఆ అమ్మాయి టిఫిన్ డబ్బా తెరవకుండానే ఏడుస్తుంటే చూసి, "రాయమ్మా, నేను సంతకం పెడతాను" అన్నాడట. ఆయన పెడుతున్నాడని తెలిసి ఇంకో ఇద్దరు పెట్టారు. ఏరియా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఒక్కొక్కర్నీ విడివిడిగా పిలిచి అడిగాడు. మేనేజర్ని ఉద్యోగం నుంచి తీసేయలేదు, ఇంకో ఊరికి మార్చారు. ఆ అమ్మాయి తర్వాత మంచి చోటు దొరికి వెళ్లిపోయింది. పెద్దాయనకు ఆ ఏడు ఇంక్రిమెంటు తక్కువ వేశారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఇది దాచిపెట్టి మిమ్మల్ని సంతకం పెట్టమనడం ధర్మం కాదు కాబట్టి చెబుతున్నాను. పెడతారా, మానతారా అన్నది మీ ఇష్టం. ఆ అమ్మాయి మాత్రం ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ ఆయన ఇంటికి వెళ్లి వస్తుంది.