చల్లటి సముద్రం... వెచ్చటి ఊరు!

జనవరి నెల. ఓస్లోలో రైలెక్కితే ముప్పావుగంటలోపే డ్రామెన్ వచ్చేస్తుంది. స్టేషన్‌లో దిగగానే కాళ్ల కింద కరకరలాడే మంచు, చెవులు కొరికే చలి. ఊరు మధ్యగా పారే నది కాస్త ముందుకెళ్లి ఫియోర్డ్‌లో కలుస్తుంది. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయనే ఇక్కడ అలా అంటారు. పక్కనున్న కొండెక్కాలంటే దారి కొండ లోపల్నుంచే! రోడ్లకు రాయి కావాలి, కొండ అందం మాత్రం చెడకూడదు అనుకుని లోపల తొలుచుకుంటూ పోయారు. అలా 1961లో తయారైంది ఆరు మెలికల సొరంగం ‘స్పిరాలెన్’. పైకెళ్లి చూస్తే ఊరంతా తెల్లదుప్పటి కప్పుకొని కనిపిస్తుంది.

ఆ దుప్పటి కింద ఎన్నో ఇళ్లను, భవనాలను వెచ్చగా ఉంచుతున్నది ఫియోర్డ్‌లోని చన్నీళ్లేనంటే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. పైన మంచు కురుస్తున్నా 18 మీటర్ల లోతున నీరు ఏడాది పొడవునా 8 డిగ్రీల దగ్గరే ఉంటుంది. 8 డిగ్రీలంటే మనకు వణుకు. అమ్మోనియాకు మాత్రం పొయ్యి మీద పెట్టినట్టే, ఆ కాస్త వేడికే ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్‌తో గట్టిగా అదిమితే సలసలా వేడెక్కుతుంది. ఆ వేడితో 60 డిగ్రీల నీటిని 90 డిగ్రీలకు తెచ్చి, వీధుల కింది గొట్టాల ద్వారా భవనాలకు పంపుతారు. అదే హీట్ పంపు. ఇంట్లో ఫ్రిజ్ చేసేదీ ఇదే పని. లోపలి వేడిని లాగి బయటకు వదులుతుంది. అందుకే దాని ఒళ్లు వెచ్చగా ఉంటుంది.

బాయిలర్ పద్ధతి వేరు. గ్యాసో నూనెో మండించి నీళ్లు కాస్తుంది. ఎంత మంచి బాయిలరైనా ఇంధనంలో ఉన్నంత వేడిని మించి ఇవ్వలేదు. పంపు వేడిని పుట్టించదు, ఒకచోట ఉన్నదాన్ని ఇంకోచోటికి మోస్తుంది. కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడి దక్కుతుంది. నార్వేలో కరెంటు కూడా సింహభాగం జలవిద్యుత్తే. సగానికి పైగా ఇళ్లలో ఏదో ఒక రకం హీట్ పంపు ఉంది. చాలావరకు మన స్ప్లిట్ ఏసీల్లాంటివే, చలికాలం తిరగేసి పనిచేస్తాయి. ఇళ్లను వేడిచేయడానికి శిలాజ నూనె వాడకాన్ని 2020లో నిషేధించారు.

అన్నట్టు, 2011లో మొదలైన ఈ డ్రామెన్ యంత్రాన్ని తయారుచేసింది నార్వే వాళ్లు కాదు, స్కాట్లండ్‌లోని గ్లాస్గో కంపెనీ. తమాషా ఏమిటంటే, బ్రిటన్‌లో అత్యధిక ఇళ్లలో ఇప్పటికీ గ్యాస్ బాయిలర్లే. లండన్‌లో అద్దెకుండే మన తెలుగువాళ్లకు ఆ పెట్టె బాగా పరిచయం. వంటింటి అలమరలో గుర్రుమంటూ ఉంటుంది. ప్రెషర్ ముల్లు ఒకటి కిందికి జారిందా, రేడియేటర్లు చల్లబడతాయి, ఇంటి ఓనరుకు ఫోన్లు మొదలవుతాయి. థర్మోస్టాట్ 18 మీద ఉండాలా, 20 మీదా అన్న గిల్లికజ్జాలు సరేసరి!

మరి అక్కడా పంపు పెట్టించుకోవచ్చుగా? ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వం 2023 అక్టోబరు నుంచి 7,500 పౌండ్ల సాయం ఇస్తోంది కూడా. కానీ చిక్కంతా లెక్కల్లో ఉంది. 2025లో అక్కడ కరెంటు యూనిట్ ధర గ్యాస్‌కు దాదాపు నాలుగు రెట్లు. పంపు మూడు రెట్ల వేడే ఇస్తే బిల్లు బాయిలర్ కన్నా ఎక్కువే వస్తుంది. మూడున్నర రెట్లు దాటితేనే లాభం. అలా దాటాలంటే నీటిని గోరువెచ్చకన్నా కాస్త ఎక్కువగా, ఏ 45 డిగ్రీలకో తెచ్చి వదలాలి. దానికి పెద్ద రేడియేటర్లుండాలి, గోడల్లోంచి, కిటికీల సందుల్లోంచి వెచ్చదనం జారిపోకూడదు. నూరేళ్లనాటి ఇటుక ఇళ్లలో అదంత తేలిక కాదు. వేణ్నీళ్ల ట్యాంకుకు చోటు చూడాలి. పైగా అద్దె ఇంట్లో ఏది పెట్టాలో తేల్చేది ఓనరు, నెలనెలా బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు!

డ్రామెన్‌లో ఈ గొట్టాలకు కలిపిన ఇళ్లలో ఆ గొడవ లేదు. గుర్రుమనే పెట్టె ఇంట్లోనే ఉండదు. వేడిని ఇచ్చేసిన సముద్రపు నీరు 4 డిగ్రీలకు చల్లబడి మళ్లీ ఫియోర్డ్‌లోకే పోతుంది. అలాగని బాయిలర్లను పూర్తిగా వదిలేశారనుకునేరు. చలి బాగా ముదిరిన రోజుల్లో పంపుకు తోడుగా వాటినీ వెలిగిస్తారు.