అంగడి కెక్కని పండు

ఫలవృక్షమును గూర్చి ప్రస్తావన వచ్చినంతనే, అది ఏటి కెంత కాయును, కోసిన కాయ ఎన్నినాళ్ళు నిలుచును, బజారులో ఏమి ధర పలుకును అని విచారించుట మనకు పరిపాటియైనది. ఈ ప్రశ్నలలో దేనికిని వర్తకుడు మెచ్చు సమాధానము చెప్పజాలని వృక్షము నల్ల మల్బరీ. పారసీకదేశ ప్రాంతములలో పుట్టినదని ప్రతీతిగాంచి, రోమకుల కాలమునుండి ఐరోపాలో పెంపకమునకు వచ్చి, ఇంగ్లండు దేశపు పాత ఇండ్ల పెరళ్ళలోను, కళాశాలల తోటలలోను శతాబ్దములుగా నీడనిచ్చుచున్న ఈ చెట్టు, తన్ను పెంచిన గృహస్థునకు దక్కినట్లుగా మఱెవ్వరికిని దక్కలేదు. పెరటిచెట్టు మందునకు రాదని మనవారు సామెత చెప్పుదురు. ఈ చెట్టు పండైతే పెరటిలో తప్ప మఱెక్కడను లభింపదు.

కారణము ఆ పండు స్వభావములోనే కలదు. అంగుళము నిడివిగల ఒక్కొక్క పండును అనేక సూక్ష్మపుష్పములనుండి పుట్టిన రసబిందువుల గుత్తి. దానిని కప్పి కాపాడుటకు పైతోలు లేదు. ఎఱ్ఱగా నున్నప్పుడు కోసినచో పులుపే మిగులును. నల్లనై, తీపియు పులుపును సమపాళ్ళలో కలిసి, ద్రాక్షాసవమును తలపించు గాఢమైన రుచి వచ్చుసరికి వ్రేలు సోకినంతనే చిట్లి, అరచేయి నంతయు రక్తవర్ణము చేయును. ఇట్టి పండు గంపలో కెక్కి, దూరప్రయాణము చేసి, దుకాణములో నిలుచుట ఎట్లు సాధ్యము? పైగా అన్నియు ఒక్కుమ్మడి పండవు. ఆగస్టు మొదలు సెప్టెంబరు వరకు నేడు కొన్ని, ఱేపు కొన్నిగా పండుచుండును. వర్తకమునకు దోషమైన ఈ గుణమే సంసారమునకు వరము; ప్రతిదినము ఉదయమున ఇంటిల్లిపాదికి పిడికెడు పండ్లు చెట్టుక్రింద పఱచిన దుప్పటిలో సిద్ధముగా నుండును.

ఈ వృక్షమును లాభసాధనముగా చేయవలెనని ఒక మహారాజే పూనుకొనెను. 17వ శతాబ్దారంభమున మొదటి జేమ్స్ రాజు ఇంగ్లండున పట్టుపరిశ్రమను నెలకొల్పదలచి, వేలకొలది మల్బరీ మొక్కలను తెప్పించి దేశమంతట నాటింపజూచి, నేడు బకింగ్‌హామ్ రాజభవన మున్న చోటికి చేరువగా 1609లో నాలుగెకరముల తోట వేయించెను. ఆ మొక్కలలో పెక్కు నల్లజాతివి. పట్టుపురుగు ప్రీతితో తినునది తెల్లజాతి ఆకు. ఆ దేశపు చలియును పురుగుల పెంపకమునకు అనుకూలింపలేదు. రాజుగారి యత్నము ఫలింపలేదు గాని చెట్లు ఫలించినవి. కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాల తోటలో ఆ కాలపు మల్బరీ ఒకటి, 1608లో జన్మించి తరువాత అచటనే విద్యనభ్యసించిన మిల్టన్ మహాకవి పేర ప్రసిద్ధికెక్కి, నేటికిని కాయుచున్నది.

పెంచగోరువారు మొదట మొక్కను గుర్తించుట నేర్వవలెను. తెల్లజాతిలోను నల్లని పండ్లు కాయునవి గలవు గనుక రంగును చూచి మోసపోరాదు. అసలైన నల్ల మల్బరీ ఆకు పైభాగమున గరుకుగా నుండును, పండు తొడిమ లేనట్లే కొమ్మ నంటియుండును. తెల్లదాని ఆకు నునుపు, తొడిమ పొడవు. ఈ భేదము పైపైది గాదు: తెల్లజాతి కణమున సాధారణముగా 28 క్రోమోజోములుండగా, నల్లజాతి కణమున 308 కలవు. వేళ్ళు పెళుసు గనుక నాటునప్పుడు మెల్లగా పఱచి మన్ను కప్పవలెను. వేసవిలో కొమ్మ నఱకినచో గాయమునుండి రసము కాఱును గనుక, చెట్టు నిద్రించు శీతకాలముననే ఆ పని ముగింపవలెను. తగినంత కాపునకు ఎనిమిది పదేండ్లు పట్టుట కలదు. అయినను చెట్టు ఒకసారి కుదురుకొన్నచో తరతరములకు కాయును. వయస్సు మీఱి నేలకు వాలిన కొమ్మకు ఊతకఱ్ఱ నిచ్చినచో, ఆ కొమ్మయే మఱల చిగిర్చి కాయును. మంచుభయము తొలగువఱకు చిగురు పెట్టని దీని ఓర్పును చూచియే ప్రాచీన రోమక పండితుడు ప్లినీ దీనిని వృక్షములలోకెల్ల వివేకము గలదిగా కొనియాడెను.

మన హిందూపురము, మదనపల్లె, పలమనేరు ప్రాంతముల రైతులకు మల్బరీ చిరపరిచితమే. కాని అచట అది పట్టుపురుగులకై పదేపదే కోయబడు ఆకుపంట. నల్ల మల్బరీకి మన మైదానముల యెండ సరిపడదు గనుక దానిని ఇచట నాటుడని నేను చెప్పను. చెప్పదలచినది వేఱొకటి. పరికిపండ్లు, బలుసుపండ్లు ధర పలుకవను కారణముచేతనే మన కంచెలనుండి తొలగిపోవుచున్నవి. వానితోపాటు వాని రుచి నెఱిగిన నాలుకలును తొలగిపోవుచున్నవి. కొనుటకు దొరకని పండును మన పిల్లలు తినవలెనన్నచో, దానిని మనమే పెంచవలెను. వేఱు మార్గము లేదు.

కావున ఇల్లు కట్టుకొనువారు వాకిలినంతయు బండలతో కప్పివేయక, అమ్ముకొనుటకు పనికిరాని చెట్టొకదానికి చోటు విడువవలెను. ఇంగ్లండులో స్థిరపడి పెరడుగల ఇల్లు సంపాదించిన తెలుగువారైతే, చలికాలమున మంచి అంటుమొక్కను తెచ్చి, చుట్టును ఇరువది ఐదడుగుల మేర గాలి వెలుతురులకు విడిచి, ఎండ తగులుచోట నల్ల మల్బరీనే నాటుదురు గాక.